మిషెలిన్ వదిలి చవక టైర్లు వేయించాను: ఒక చలికాలం లెక్క

మా కారు 2018 హోండా అకార్డ్ స్పోర్ట్. 19 అంగుళాల చక్రాలు, టైర్ సైజు 235/40ఆర్19. కారు షోకుగా కనబడటానికి ఆ చక్రాలే కారణం, టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు చేతి చమురు వదలడానికీ అవే కారణం. ఉండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. రోజూ 287 హైవే మీద ఆఫీసుకు వెళ్లి రావాలి.

2021 ఏప్రిల్‌లో మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4 వేయించాను. వాటికి కంపెనీ ఇచ్చే వారంటీ 45,000 మైళ్లు, నాకు 41,000 దాకా వచ్చాయి. వాటి మీద ఒక్క ఫిర్యాదు లేదు. 2024 సెప్టెంబర్ చివర్లో ఆయిల్ మార్పించడానికి వెళ్తే మెకానిక్ ట్రెడ్ (టైర్ మీది గాళ్ల లోతు) కొలిచి, ముందు రెండూ అంగుళంలో 3/32 వంతు, వెనక రెండూ 4/32 అని కాగితం మీద రాసిచ్చాడు. చట్టం ప్రకారం 2/32 దాకా తిరగొచ్చు. కానీ వానలో 4/32 కంటే తగ్గితే నీళ్లు పక్కకు నెట్టే శక్తి బాగా పడిపోతుంది. ఇక్కడి ఇన్‌స్పెక్షన్‌ను నమ్ముకుంటే కుదరదు. 2010 నుంచి మామూలు కార్లకు పొగ పరీక్షే చేస్తున్నారు, టైర్ల వంక చూడరు.

అదే మిషెలిన్ మళ్లీ వేయిద్దామని రేటు చూస్తే ఒక్కోటి 258 డాలర్లు. నాలుగింటికి 1,032. కారుకే ఏడో ఏడు వచ్చింది, ఇంకో మూడేళ్లు ఉంచుతామేమో. దానికి ఇంత పెట్టాలా అనిపించింది.

అప్పటి నుంచి రెండు వారాలు రాత్రి భోజనాలయ్యాక నా పని టైర్ల సమీక్షలు చదవడమే. ఎదురింటి గుంటూరు అన్నయ్య మాత్రం వినగానే ఒప్పుకోలేదు. "ఫోను కవర్ దగ్గర కక్కుర్తి పడు తమ్ముడూ, టైర్ల దగ్గర వద్దు" అన్నాడు. ఆ మాట చదివిన సమీక్షలన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది. నాన్నకు ఫోన్ చేసి చెబితే ఆయన తీరే వేరు. విజయవాడ ఆటోనగర్‌లో అరిగిన అంబాసిడర్ టైర్లకే రీట్రెడింగ్‌తో కొత్త రబ్బరు వేయించి ఏళ్ల తరబడి నడిపిన మనిషి. "కొత్త టైరే కదరా వేయిస్తున్నావు, దానికి ఇంత ఆలోచనెందుకు? గాలి సరిగ్గా చూసుకో, చాలు" అన్నారు.

చదివే కొద్దీ అర్థమైంది ఏమిటంటే, ఈ రెండో వరస బ్రాండ్లలో చాలావాటి వెనక పెద్ద కంపెనీలే ఉన్నాయి. జనరల్ టైర్ 1987 నుంచి కాంటినెంటల్‌ది. ఫైర్‌స్టోన్‌ను 1988లో బ్రిడ్జ్‌స్టోన్ కొంది. బీఎఫ్ గుడ్‌రిచ్ 1990 నుంచి మిషెలిన్ చేతిలోనే ఉంది. నెదర్లాండ్స్ బ్రాండ్ వ్రెడెస్టైన్‌ను 2009లో మన అపోలో టైర్స్ కొనేసింది. తిరుపతి వైపు చిన్నపండూరులో ఫ్యాక్టరీ పెట్టిన అపోలోనే. ఇవీ, కొరియా బ్రాండ్ కుమ్హో, ఇవన్నీ నా జాబితాలో ఉన్నాయి. నేను కొన్నది వీటిలోదే. ఏదో చెప్పను. ఒక కారు, ఒక సెట్టు, ఒక చలికాలం చూసి ఒక బ్రాండ్‌ను పొగడడమో తిట్టడమో సరికాదు.

కొనే ముందు ఒక్క విషయం మాత్రం గట్టిగా చూసుకోండి. మా సైజులో ఆన్‌లైన్‌లో అన్నిటికంటే చవకగా కనబడ్డ కొన్ని టైర్లకు లోడ్ ఇండెక్స్ 92. అంటే ఒక్కో టైర్ మోయగలిగేది 630 కిలోలు. మా డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద, మాన్యువల్‌లో అడిగింది 96, అంటే 710 కిలోలు. టైర్ సైజు అంకెలు రెండిటికీ అచ్చంగా ఒకటే, దాని పక్కన ఉండే ఈ అంకె ఒక్కటే తేడా. ఒక్కో టైర్ మీద ఇరవై డాలర్లు తక్కువ చూపించే ఆఫర్లలో సగం ఇలాంటివే. ట్రెడ్ ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెబుతూ ట్రెడ్‌వేర్ 500, 540 అని రాసే అంకెను కూడా బ్రాండ్‌కూ బ్రాండ్‌కూ మధ్య పోల్చి మురిసిపోనక్కర్లేదు. దాన్ని ఎవరి టైర్‌కు వాళ్లే పరీక్ష చేసుకుని ఇచ్చుకుంటారు.

అక్టోబర్ 19 శనివారం ఆర్డర్ పెట్టాను. ఒక్కోటి 169 డాలర్లు. నాలుగింటికి 676, దాని మీద 6.625 శాతం సేల్స్ ట్యాక్స్ 44.79, న్యూజెర్సీ టైర్ ఫీజు టైర్‌కు డాలరున్నర చొప్పున 6. మొత్తం 726.79. మిషెలిన్ అయితే ఇదే లెక్కన 1,106 దాటేది. కాగితం మీద 380 డాలర్ల దాకా మిగిలింది.

టైర్లు మూడు రోజుల్లోనే షాపుకు చేరాయి. షాపులో మాత్రం ఖాళీ లేదు. చలి మొదలవుతోందంటే ఊరందరికీ ఒకేసారి టైర్లు గుర్తొస్తాయి. దొరికిన మొదటి శనివారం నవంబర్ 2, దీపావళి వెళ్లిన రెండో రోజు. ముందు రాత్రి స్నేహితుల ఇంట్లో పార్టీ, పొద్దున్నే తొమ్మిదికి షాపు.

టైర్లు బిగించక ముందే చూస్తానని అడిగాను. మెకానిక్ ఒప్పుకున్నాడు. పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. మూడింటి మీద 2824 ఉంది, అంటే 2024లో 28వ వారం. నాలుగోదాని మీద 4723. ఏడాదికి కాస్త తక్కువ వయసు. గోదాములో ఉన్న టైర్‌కు అదేం పెద్ద వయసు కాదు కాబట్టి సరేనన్నాను. మూడేళ్లదైతే వెనక్కి పంపేవాణ్ణి.

బిల్లు చేతికొచ్చాక గొడవ మొదలైంది. బిగించి బ్యాలెన్సింగ్ చేయడానికి చక్రానికి 26, పాత టైర్లు పారేయడానికి టైర్‌కు 5, ఎలైన్‌మెంట్‌కు 120. ఇవన్నీ ముందే చెప్పినవే. వాటి కింద "టీపీఎంఎస్ కిట్" అని చక్రానికి 9 డాలర్లు, నాలుగింటికి 36. గాలి తగ్గితే చెప్పే సెన్సర్‌కు కొత్త సీలు, కొత్త నట్టు అన్నమాట. చిక్కేమిటంటే మా కారు చక్రాల్లో అసలు ఆ సెన్సర్లే లేవు. ఈ మోడల్‌లో ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) కొలిచే చక్రాల వేగాన్ని బట్టి టైర్లలో గాలి తగ్గిందో లేదో కారే లెక్క కట్టుకుంటుంది. లేని వస్తువుకు కిట్ ఎక్కడ వేశారని అడిగితే కౌంటర్‌లో కుర్రాడు "కంప్యూటర్ దానంతటదే వేస్తుంది" అన్నాడు. చివరికి మేనేజర్ వచ్చి, లోపలికి వెళ్లి చూసి, తీసేశాడు. ట్యాక్స్‌తో 298.55 కాస్తా 260.17 అయింది. మీ కారుకు సెన్సర్లు ఉన్నాయో లేదో మాన్యువల్‌లో ముందే చూసుకుని వెళ్లండి. కౌంటర్ దగ్గర నిలబడి ఫోన్‌లో వెతికితే మన మాట నిలవదు.

గుంతల వారంటీ కూడా ఇస్తామన్నారు, టైర్‌కు 22 చొప్పున 88. మిషెలిన్లకు తీసుకున్నాను, ఒకసారి వాడుకున్నాను కూడా. ఈసారి వద్దన్నాను. టైరే 169 అయినప్పుడు దాని బీమాకు 22 పెడితే చవక టైర్ కొన్న అర్థమే ఉండదు.

బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. కొత్త టైర్లకు తయారీలో పూసే జారుడు పదార్థం పోయేదాకా నెమ్మదిగా నడపమన్నారు. యాభై, వంద మైళ్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించుకోవాలి. అకార్డ్‌కు 80 ఫుట్ పౌండ్లు. టైర్లలో సరైన గాలి ఎంతో కారుకు నేర్పే కాలిబ్రేషన్ కూడా మెనూలోకి వెళ్లి మనమే నొక్కాలి, ఆ తర్వాత అరగంటకు పైగా నడిపితే గానీ అది నేర్చుకోదు. షాపులో ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రమే 287 ఎక్కాను. అరవై దాటగానే స్టీరింగ్ వణికింది. డెబ్బైకి తగ్గింది, మళ్లీ అరవై రెండుకు మొదలు. చవక టైర్ బుద్ధి చూపించిందనుకున్నాను. ఇంట్లో చెప్పలేదు, గుంటూరు అన్నయ్యకు అసలే చెప్పలేదు. ఆ వారమంతా ఆఫీసుకు వెళ్తూ యాభై అయిదులోనే కుడి లేన్‌లో ట్రక్కుల వెనక పోయాను.

నవంబర్ 9న మళ్లీ షాపు. వాళ్లు తిరిగి బ్యాలెన్సింగ్ చేశారు, పోలేదు. అప్పుడు అక్కడి పెద్ద మెకానిక్ ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీదికి తీసుకెళ్లాడు. స్టీరింగ్ కదల్లేదు. వణుకు సీటు కిందికి వచ్చింది. "టైర్ కాదు, చక్రం చూడాలి" అన్నాడు.

లోపలికి కస్టమర్లను రానివ్వరు గానీ, గుమ్మం దగ్గర నిలబడమన్నాడు. ఒక చక్రాన్ని మెషీన్ మీద పెట్టి నెమ్మదిగా తిప్పాడు. బయటి అంచు నిలకడగా ఉంది. లోపలి అంచు దగ్గర మెకానిక్ స్క్రూడ్రైవర్ ఆనించి పట్టుకున్నాడు. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఒక్క చోట అంచు స్క్రూడ్రైవర్‌కు దూరం జరిగి మళ్లీ దగ్గరికొచ్చింది. వేలి వెడల్పు కూడా ఉండదు ఆ తేడా. దాన్ని సరిదిద్దడానికి ఆ అంచు మీద బూడిద రంగు బరువు ముక్కలు వరసగా ఒకదాని పక్కన ఒకటి అంటించి ఉన్నాయి, మిగతా మూడు చక్రాలకు ఒకటో రెండో ఉన్న చోట. రిమ్ము వంగిందన్నమాట. న్యూజెర్సీలో ఫిబ్రవరి గుంతలు, పక్క గోడ ఎత్తు తక్కువగా ఉండే 40 ప్రొఫైల్ టైర్లు. ఏ గుంతలో వంగిందో ఎవరికి తెలుసు. అంతకుముందు అది వెనక చక్రంగా ఉంది కాబట్టి వణుకు చేతికి తెలిసేది కాదు. కొత్తవి బిగించేటప్పుడు దాన్ని ముందుకు వేశారు.

రిమ్ము సరిచేసేది వేరే చోట. మంగళవారం ఇచ్చి గురువారం తెచ్చుకున్నాను. ట్యాక్స్‌తో 149.28. ఆ రెండు రోజులూ స్పేర్ చక్రంతో తిరిగాను. దాని మీద యాభై మైళ్ల వేగం దాటకూడదని రాసి ఉంటుంది, అందుకని హైవే మానేసి రూట్ 27 సిగ్నళ్లన్నీ లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. రిమ్ము వచ్చాక వణుకు పూర్తిగా పోయింది.

ఇక్కడికి ఖర్చు తడిసి మోపెడైంది. 726.79, 260.17, 149.28 కలిపితే 1,136. మిషెలిన్ టైర్ల రేటు చూసి భయపడి మొదలుపెట్టినవాణ్ణి, ఆ మొత్తం దాటేశాను. మిషెలిన్ వేయించినా బిగింపు, ఎలైన్‌మెంట్, రిమ్ము ఖర్చు తప్పేవి కావు, అది వేరే సంగతి. కానీ "టైర్లకు ఏడొందలవుతుంది" అని ఇంట్లో చెప్పి పెట్టుకున్న లెక్కతో మాత్రం పొంతనే లేదు. మా ఆవిడ ఆ అంకె విని ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది.

ఇదంతా అయ్యాక టైర్ ఎలా ఉందో చూద్దామంటే వాన లేదు. 2024 అక్టోబర్ న్యూజెర్సీ చరిత్రలోనే అతి పొడి నెల. నవంబర్ 13న రాష్ట్ర ప్రభుత్వం కరవు హెచ్చరిక కూడా ఇచ్చింది. తడి రోడ్డు మీద పట్టు కోసం టైర్లు మార్చినవాడికి తడి రోడ్డే దొరకలేదు. చివరికి 20వ తేదీ రాత్రి మొదలై 21న గట్టిగా పడింది. అంతకాలం తర్వాత పడే మొదటి వాన జారుడు ఎక్కువ, రోడ్డు మీద పేరుకున్న నూనె, మట్టి పైకి తేలుతాయి. కావాలనే వంతెన దిగే వంపు దారిలో, రోజూ వెళ్లే వేగంతోనే వెళ్లాను. ఏమీ కాలేదు. నీళ్లు నిలిచిన చోట స్టీరింగ్ తేలికపడలేదు. సిగ్నల్ దగ్గర గట్టిగా బ్రేకు వేస్తే ఏబీఎస్ కూడా రాలేదు.

అయితే సమీక్షల్లో జనం చేసే పొరపాటు ఒకటి ఇక్కడే ఉంది. "మిషెలిన్ కంటే ఈ చవక టైరే బాగుంది" అని రాసేవాళ్లలో చాలామంది పోల్చేది అరిగిపోయిన మిషెలిన్‌తో. 3/32 మిగిలిన టైర్ తీసేసి 10/32 ఉన్నది వేస్తే ఏ బ్రాండైనా వానలో దేవుడిలా కనబడుతుంది. నేను 2021లో అవి కొత్తగా ఉన్నప్పటి సంగతి గుర్తు చేసుకుని చెబుతున్నాను. తడిలో పట్టు, నాలాంటి మామూలు డ్రైవర్‌కు తెలిసినంత వరకు, దాదాపు సమానం. స్టీరింగ్ తిప్పగానే కారు తిరిగే చురుకు తగ్గింది. హైవే ర్యాంపు మీద వంపు తిరిగేటప్పుడు ఇదివరకు చేయి తిప్పడం, ముక్కు తిరగడం ఒక్కసారే జరిగేవి, ఇప్పుడు మధ్యలో ఒక చిన్న సందు ఉంది. నాకది తెలుస్తోంది, మా ఆవిడకు తెలియట్లేదు. ఆవిడకు తెలిసింది చప్పుడు. కాంక్రీటు రోడ్డు మీద వెళ్తూ ఇండియాకు ఫోన్ మాట్లాడుతుంటే రెండుసార్లు వాల్యూమ్ పెంచింది. తారు రోడ్డు మీద తేడా లేదు.

మైలేజీ గ్యాలన్‌కు మైలు దాకా తగ్గినట్టు కనబడింది. ఇందులో కొంత చలికాలానిది. కొంత కొత్త టైర్‌ది కూడా. మందంగా ఉన్న ట్రెడ్ తిరగడానికి ఎక్కువ శక్తి తీసుకుంటుంది. పైగా చుట్టుకొలత పెద్దది కాబట్టి అదే దూరానికి చక్రం తక్కువ చుట్లు తిరుగుతుంది, ఓడోమీటర్ తక్కువ మైళ్లు చూపిస్తుంది. కాబట్టి ఆ మైలు మొత్తాన్నీ టైర్ ఖాతాలో వేయలేదు.

రిబేటు కథ వేరు. 70 డాలర్ల ప్రీపెయిడ్ కార్డ్ ఇస్తామని కొనేటప్పుడే చూపించారు. నవంబర్ 10న దరఖాస్తు పెడితే, రెండు వారాలకు "ఇన్‌వాయిస్ సరిపోలేదు" అని మెయిల్. ఆర్డర్ పెట్టినప్పుడు వచ్చే నిర్ధారణ మెయిల్ వాళ్లకు చాలదట, సరుకు పంపాక వచ్చే ఇన్‌వాయిస్ కావాలి. ఆన్‌లైన్‌లో కొని బయట బిగించుకున్నాను కాబట్టి బిగించిన షాపు బిల్లులో టైర్ పేరే లేదు. మళ్లీ పంపాను. సంక్రాంతి వెళ్లాక కార్డ్ వచ్చింది. దాని మీద గడువు తేదీ చూసి వెంటనే వాడేయండి. నేను రెండుసార్లు కిరాణా కొంటే చివర 2 డాలర్ల చిల్లర మిగిలింది, దాన్ని ఎక్కడ గీకినా తీసుకోలేదు.

మంచు పరీక్ష జనవరి 19 ఆదివారం. మధ్యాహ్నం మొదలై రాత్రికి బాగానే పేరుకుంది. స్నేహితుల ఇంటి నుంచి తిరిగి వస్తున్నాం, ఓక్ ట్రీ రోడ్డు అప్పటికే తెల్లబడింది. చదును రోడ్డు మీద నెమ్మదిగా ఏ ఇబ్బందీ లేదు. మా కాలనీలోకి ఎక్కే చిన్న ఎత్తు దగ్గర స్టాప్ గుర్తు ఉంది. ఆగి కదలబోతే ముందు చక్రాలు గిరగిరా తిరిగాయి, డాష్‌బోర్డ్ మీద పసుపు దీపం మిణుకుమంది. వెనక పిల్లలు నవ్వుతున్నారు, నాకు చెమట. కొంచెం వెనక్కి జారనిచ్చి, యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆనకుండా పెడితే ఎక్కింది. 2022 జనవరి మంచులో అదే ఎత్తు మిషెలిన్లతో ఎక్కాను, అప్పుడు కూడా దీపం వెలిగింది గానీ ఆగలేదు. నా టైర్ల మీద ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అనే ఉంది, కొండ బొమ్మలో మంచు రేకు గుర్తు లేదు. ఆ గుర్తు ఉన్నవాటికే మంచులో పరీక్ష జరుగుతుంది. పెర్ఫార్మెన్స్ ఆల్ సీజన్ అన్న పేరులో సీజన్లన్నీ ఉన్నా, చలికాలానికి దక్కిన వాటా చిన్నది. పొకొనోస్ వైపు కొండల్లోకి స్కీయింగ్‌కు వెళ్లే అలవాటు ఉంటే ఈ రకం టైర్ ఏ బ్రాండ్‌దైనా వద్దనే చెబుతాను.

ఆ తర్వాత రెండు మూడు రోజులు ఘోరమైన చలి, పొద్దున పది డిగ్రీల ఫారన్‌హీట్ దరిదాపుల్లో. గాలి దీపం వెలిగింది. పది డిగ్రీలు తగ్గితే టైర్‌లో ఒక పీఎస్ఐ దాకా తగ్గుతుంది, నవంబర్‌లో వెచ్చటి షాపులో పట్టిన గాలి మరి. న్యూజెర్సీలో పెట్రోలు మనం పట్టుకోకూడదు, చట్టం ఒప్పుకోదు, బంకు మనిషే పట్టాలి. టైర్‌లో గాలి మాత్రం మనమే పట్టుకోవాలి. కార్డ్ గీకి, గొట్టం లాక్కుని, ఆ చలిలో మోకాళ్ల మీద కూర్చుని. నాన్న చెప్పిన ఒక్క పనీ ఇదే కాబట్టి ఆ రాత్రి ఫోన్‌లో ఆయనకు చెప్పాను, సంతోషించారు.

ఏప్రిల్ మొదటి వారంలో 5,000 మైళ్లకు రొటేషన్ (టైర్ల చోట్లు ముందుకూ వెనక్కూ మార్చడం) చేయించాను. ముందువి 8/32, వెనకవి 9/32 ఉన్నాయి. రొటేషన్ రసీదు ఫొటో తీసి మెయిల్‌లో పెట్టుకున్నాను, ఎందుకంటే ట్రెడ్ వారంటీ అడగాలంటే సమయానికి రొటేషన్ చేయించిన రుజువులన్నీ అడుగుతారు. సరిచేసిన రిమ్మును మాత్రం మళ్లీ ముందుకు వేయొద్దని మెకానిక్‌కు చెప్పాను. ఎడమ వెనక నుంచి కుడి వెనక్కి మార్చి వదిలేశాడు.